ఉతకొద్దు

నల్లద్రాక్ష రసం కోసం సెట్‌లో పనిచేసే కనకరాజు స్కూటరు మీద పోయి పావుగంటయింది. అతను వచ్చేదాకా సరిత ఈ తెల్లచొక్కా వేసుకుని ఈ ప్లాస్టిక్ స్టూలు మీదనే కూచోవాలి. రవికె మీద చొక్కా, నడుములో దోపిన కొంగు; జేబు మీద రెండు సింహాల ముద్ర, ముద్ర కింద ఏ ఊళ్లోనూ లేని ఒక బడి పేరు ఇంగ్లీషులో. రసం వచ్చాక లోపలికి పిలుస్తారు, నిలబెడతారు, మెడ దగ్గర్నుంచి పోస్తారు. ఎంత పోయాలో, ఎటు జారాలో మొన్నటి ఫోటోలో ఉంది. నలభై రెండేళ్లకు ఇంటర్ పిల్ల చొక్కా ఒంటికి పట్టడం గొప్పే అయితే ఆ గొప్ప ఇవాళ ఆమెకు దక్కింది. "యూనిట్ మొత్తం వెతికినా ఆ పిల్ల కొలత నీదేనమ్మా," అన్నాడు కాస్ట్యూమ్స్ చూసే త్రిమూర్తులు, కోపంలో కూడా కొలత తప్పకుండా. హ్యాంగరుకు తగిలించి పోస్తే సరిపోదా అని ఎవరో అడిగారు. సరిపోదట. హ్యాంగరు మీద రసం సాఫుగా జారిపోతుంది, మనిషి ఒంటి మీదైతే ఎముక దగ్గర ఆగి, పక్కకు తిరిగి, మళ్లీ దిగుతుంది, ఆ వంపు కెమెరాకు తెలిసిపోతుంది. మరి ఆ హీరోయిన్ పిల్ల మీదనే పోయొచ్చు కదా అంటే, ఆమెకు మేకప్ అయిపోయింది, జలుబు కూడా ఉంది, ఇంకోసారి తడిపితే ఊరుకోనని వాళ్లమ్మ కారవాన్ మెట్ల మీదనే నిలబడి చెప్పింది. తల్లంటే అట్లా ఉండాలి. మెట్ల మీద నిలబడి చెప్పాలి.

మరక పోయింది, అంతే జరిగింది. ప్రపంచంలో ఎక్కడైనా మరక పోతే సంతోషిస్తారు, సీరియల్ తీసే ఈ నాచారం షెడ్డులో మాత్రం మరక పోయినందుకు అరవై మంది చేతులు కట్టుకుని కూచున్నారు. బుధవారం నాడు డబ్బున్న పిల్ల పేదపిల్ల చొక్కా మీద క్యాంటీన్‌లో అందరి ముందూ ద్రాక్షరసం పోసింది. అక్కడికి పొద్దుపోయింది. మిగతా సగం ఇవాళ తియ్యాలి. మొన్నటి ముక్కకూ ఇవాళ్టి ముక్కకూ మధ్య మరకతో సహా ఏదీ మారకూడదు. దాన్నే వీళ్లు కంటిన్యూటీ అంటారు. అందుకని ఆ చొక్కాను మడతపెట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు మీద నల్ల పెన్నుతో సరితే తన చేత్తో 'ఉతకొద్దు' అని రాసింది. మిగిలిన యూనిఫాంలతో పాటు సంచిలో వేసి ఇంటికి తీసుకుపోయింది. ఉతుకుడు, ఇస్త్రీ ఇంటి దగ్గరే ఆమె పని. ఇవాళ పొద్దున వచ్చి కవరు విప్పితే చొక్కా మల్లెపువ్వులా ఉంది. కాలరు లోపలి అంచు, బొత్తం కాజాల చుట్టూ, జేబు కుట్టు కింద, ఎక్కడా ఒక్క ఎర్ర చుక్క లేదు. భయం కంటే ముందు ఇంకోటి కూడా వచ్చింది, ఎంత సిగ్గుమాలిన మనసో, ఎవరు ఉతికారో గాని పని ఎంత బాగా చేశారు అనిపించింది. ఆ తర్వాతే ఎవరో తెలిసింది.

"ఎవరు ఉతికారు?" అని త్రిమూర్తులు అడిగితే "నేనే సార్, ఎప్పటిలెక్క నానబెట్టిన, మతి లేదు," అంది. అతను ఆమె మొహం వంక కాసేపు చూశాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో మరక పడేసిన అసిస్టెంట్లను చూశాను గానీ, మరక తీసేసిందానికి తిట్టడం ఇదే మొదలు. మీ ఇంట్లో చదువొచ్చిన వాళ్లు లేరేంటమ్మా, ఇంతింత అక్షరాలు రాసుకుని?" అన్నాడు. ఉన్నారు సార్. చదువొచ్చిన పిల్లే ఉంది. ఇంటర్ సెకండియర్. చదివి కూడా ఉతికింది. కాస్ట్యూమ్ గది తలుపు మీద అతికించిన కాగితం ఆమె కూచున్న చోటికి కనిపిస్తూనే ఉంది: సెట్ బట్ట బయటివాళ్ల ఒంటి మీద కనిపిస్తే మనిషి ఆ రోజే బయటికి. పోయిన ఏడు ఒక ముసలాయన తన మనవడి పెళ్లికి ఒక కోటు ఒక్క పూట తొడిగించినందుకే పోయాడు. మతిమరుపుతో ఉతికినందుకు తిట్లతో పోతుంది. బిడ్డ తొడుక్కుపోయిందని తెలిస్తే తిట్లు కూడా ఉండవు.

ఫోను నడుములో ఉంది. వాయిస్ మెసేజ్‌ను పొద్దున బాత్రూములో చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నది, ఇంక వినక్కర్లేదు, అదే నడుస్తోంది లోపల. "మమ్మీ తిట్టకు. నిన్న కీర్తన బర్త్‌డే ఉండె. అందరు ఒరిజినల్ షర్ట్ తెమ్మన్నరు. నువ్వు కోఠి పోయినవ్ గద, కవర్లకెల్లి తీస్కపోయిన. ఒక్కటే రీల్ అన్నరు. గని నాలుగుసార్లు పోసిన్రు మమ్మీ. మరక మస్తు పెద్దగైంది." ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఉతకొద్దని రాసింది చూసిన. చూసే ఉతికిన. గట్ల మరకతోని మడతపెట్టబుద్ధి కాలే." ఆ ముక్క దగ్గరే సరిత మూడుసార్లూ ఆగింది. గట్ల మడతపెట్టబుద్ధి కాకపోవడం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. బిడ్డ హిమజకు మూడేళ్లప్పుడు కూడా దుప్పటి మీద పాలచుక్క పడితే లేచి కూచుని చూపించేది. అది ఈరమ్మ మనవరాలు. భువనగిరి అవతల ఊళ్లో సరిత తల్లి ఈరమ్మకు మరక అంటే పగ. ఉన్నది ఒక్క తెల్లబట్ట. దాని మీద మరక పొద్దుగూకేలోపు పోవాలి. పండ్ల రసం మరకైతే గిన్నె మూతి మీద బట్ట గుంజి కట్టి, నిమ్మరసం, ఉప్పు రుద్ది, మనిషెత్తు నుంచి కాగిన నీళ్లు సన్నధారగా పోసేది. దగ్గర్నుంచి పోస్తే పోదు, ఎత్తు నుంచి పోయాలె, దెబ్బ పడాలె అనేది. హిమజకు సరిత ఒక్కసారే చూపించింది, తొమ్మిదో తరగతిలో. నీ కాస్ట్యూమ్ పనులు నాకు నేర్పకు మమ్మీ అని మొహం తిప్పుకుంది పిల్ల. తిప్పుకున్న మొహంతోనే మొత్తం చూసింది అన్నమాట.

ఏసీ ఆపేశారు. శబ్దం వస్తుందని షాట్‌కు ముందు ఆపుతారు, షాట్ లేకపోయినా ఆపే ఉంచారు, ఎవరికీ చెప్పాలనిపించలేదు. చొక్కా వీపుకు అంటుకుంటోంది. ప్లైవుడ్ గోడకు ఇవతల అంతా కట్టెలు, మేకులు, సున్నం మరకలు, అవతల పాలరాయి. పాలరాయి అంటే స్టిక్కరు. మూల దగ్గర ఊడితే వారానికోసారి ఆర్టు డిపార్టుమెంటు వాళ్లు గోరుతో నొక్కి పోతారు. లైబ్రరీలో వెయ్యి పుస్తకాలు ఉన్నాయి, అన్నిటికీ వీపులే తప్ప పొట్టలు లేవు. ఆ లైబ్రరీ ఉన్నచోటనే వెనకట కరుణాకర్ లేత్ మిషను ఉండేది. ఆమె మొగుడు ఈ షెడ్డులో పదకొండేళ్లు పంపు సామాన్లు తిప్పాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఉప్పల్‌లో పార్సిళ్ల గోదాములో చేరాడు. ఆమె మాత్రం అదే గేటు, అదే వాచ్‌మన్ గది, అదే నల్లా. ఎవడో కథ రాస్తాడు, సీరియల్లో పిల్లలు కార్లలో బడికొస్తారు, కార్ల తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా మూసుకుంటాయి, వెనకనుంచి సంగీతం. ఇంట్లో టీవీ ముందు హిమజ నోరు తెరుచుకుని చూస్తుంటే, అవి ఒకే కారు బిడ్డా, నంబరు పలక మార్చి మూడుసార్లు తిప్పుతరు అని చెప్పింది ఒకరోజు. "నువ్వు అన్నీ ఖరాబ్ చేస్తవ్ మమ్మీ," అంది. అప్పట్నుంచి చెప్పడం మానేసింది. మానేయకుండా ఉండాల్సింది. డబ్బున్న పిల్లగా వేసే అమ్మాయి రామంతాపూర్ నుంచి షేరాటోలో వస్తుందనీ, చేతికున్న గడియారం సుల్తాన్‌బజార్‌లో కొన్నదనీ, మధ్యాహ్నం మూల కూచుని పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటుందనీ చెప్పాల్సింది. పేదపిల్లగా వేసే అమ్మాయి పెద్ద కారులో వస్తుందనీ, పొద్దున్నే గంటసేపు ఆమె మొహానికి నలుపు పూస్తారనీ, పేద అని చూసేవాళ్లకు తెలియాలి కదా అని మేకప్ మనిషి అంటాడనీ చెప్పాల్సింది. ఆ మాట విన్న రోజు సరిత తన మోచేతి రంగు చూసుకుంది. పూయాల్సిన పని లేదు.

పేదరికం ఎక్కించడం ఆమె చేతిలోని పనే. కొత్త లంగాలు, కొత్త చున్నీలు వస్తాయి. వాటిని టీ నీళ్లలో నానబెట్టాలి, కాలరు అంచును ఇటుకముక్కతో అరగదీయాలి, ఒక బొత్తం తెంపి వేరే రంగు బొత్తం కుట్టాలి. మాసిక వేయమంటాడు త్రిమూర్తులు, "కనపడేలా వెయ్యమ్మా, ఎర్ర దారంతో." మాసిక కనపడకుండా వేయడానికే కదా ఈరమ్మ దీపం కింద కళ్లు పాడుచేసుకున్నది. చిరిగిన పోగులోంచే దారం లాగి, ఆ దారంతోనే కుట్టేది, అవతలి మనిషి వేలు పెట్టి తడిమినా దొరకొద్దు. ఈ కథలు రాసే మనుషులు పేదవాళ్లను ఎన్నడూ దగ్గర్నుంచి చూసినట్టు లేదు. చూసి ఉంటే తెలిసేది, వాళ్ల పిల్లలు బడికి ఉతికిన బట్టల్లో పోతారు, మాసిన బట్టలో పోవడానికి ధైర్యం డబ్బున్నవాళ్లకే ఉంటుంది. కీర్తన చిరిగిన ప్యాంటు వేసుకుని కాలేజీకి వస్తుందట, మోకాళ్ల దగ్గర రెండు కిటికీలు. అది కొన్నప్పుడే చిరిగి ఉంటుందట.

కీర్తనను సరిత ఒకే ఒకసారి చూసింది. వర్షాకాలం, కాలేజీ గేటు ముందు. రెండు భుజాలకు రెండు కాస్ట్యూమ్ సంచులు, చేతిలో హిమజ మర్చిపోయిన టిఫిన్ డబ్బా. సైనిక్‌పురి నుంచి వచ్చే కారు ఆగి ఉంది, కీర్తన ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి నిలబడింది, మంచి పిల్లలాగే ఉంది, నవ్వు మొహం. హిమజ మొహం మాత్రం సున్నం పూసినట్టయింది. "ఎవరే?" అంది కీర్తన. "మా మమ్మీ కింద పనిచేసే ఆంటీ," అంది హిమజ. అట్లా ఎప్పుడనుకుందో, ఎన్నాళ్లనుంచి అనుకుంటూ ఉందో, తడుముకోలేదు. వాళ్లమ్మ సీరియల్‌కు డిజైనరు; ఆ డిజైనరు కింద సంచులు మోసే ఒక ఆంటీ. కన్నతల్లిని అడ్డంగా రెండు చేసి, పై భాగం తను ఉంచుకుని, కింది భాగాన్ని రోడ్డు మీద నిలబెట్టింది. సరిత ఏమన్నది? "అవు బిడ్డా, మేడం పంపిచ్చింది, తిను," అన్నది. డబ్బా ఇచ్చింది. కొంచెం తల కూడా వంచింది, ఎవరూ అడక్కుండానే. ఆ సాయంత్రం ఇంట్లో హిమజ రెండు సంచుల బట్టలూ తనే మడతపెట్టింది, అదే క్షమాపణ అనుకోవాలి. అనుకుంది. కానీ ఇప్పుడు ఈ స్టూలు మీద ఆ తల వంచడమే గుర్తొస్తోంది. అంత తేలికగా ఎట్లా వంగింది. ఎక్కడ నేర్చుకుంది.

డాబా మీద నేర్చుకుంది. ఊళ్లో పటేలు వాళ్లింట్లోనే టీవీ; ఆదివారం పిల్లలంతా అక్కడే. ఎవరు లోపల చాప మీద కూచోవాలో, ఎవరు కిటికీ పట్టుకు వేలాడాలో పటేలు బిడ్డ విజయశ్రీ చెప్పేది. విజయశ్రీకి సరిత ప్రాణస్నేహితురాలు. అందుకే సరితకు అందరికంటే పెద్ద పని ఇచ్చింది, డాబా ఎక్కి యాంటెన్నా గొట్టం పట్టుకోవడం. గాలికి గొట్టం తిరిగిపోయేది, తిరిగితే బొమ్మ మీద చీమలు పారేవి. రామంతాపూర్ దిక్కు తిప్పు అని కిందినుంచి అరిచేవాళ్లు. రామంతాపూర్ ఎక్కడుందో ఎవరికి తెలుసు. అక్కడ పెద్ద టవరుందట, అక్కడినుంచే బొమ్మ వస్తుందట. ఎండలో కాలిన గొట్టాన్ని ఓణీ కొంగుతో చుట్టి పట్టుకుని నిలబడితే కిందినుంచి విజయశ్రీ గొంతు: "వచ్చింది. గట్లనే ఉండు సరితా, కదలకు." అందరూ ఒక్కసారి నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వారో ఆమెకు తెలిసేది కాదు. అయిపోయాక దిగి వస్తే విజయశ్రీ కథంతా చెప్పేది, గొప్ప మనసుతో, అక్కడక్కడా వదిలేసి. ఒక్క ఆదివారం కూడా బొమ్మ చూడలేదు. ఇప్పుడు రోజూ షేరాటోలో ఆ టవరు కింది నుంచే వస్తుంది. మొదటిరోజు ఎవరో చూపిస్తే తల బయటపెట్టి చూసింది, ఉట్టి ఇనుము. దీని దిక్కు తిరిగి నిలబడ్డానా నేను చిన్నప్పుడంతా అనుకుంది. ఆ కాలంలో విజయశ్రీ మీద కోపం రాలేదు సుమా. ఇష్టం వచ్చింది. కదలకు అని అన్నది తననొక్కదాన్నే కదా.

మెసేజ్ కింద హిమజ పంపిన ఆ రీలు ముప్ఫై ఎనిమిది సెకండ్లు. కీర్తన వాళ్లింటి పచ్చిక, వెనకాల ఊయల బల్ల, నలుగురు పిల్లలు. బుధవారం తీసిన ముక్కను అదే రోజు ప్రోమోగా ఫోన్లలోకి వదిలారు, ఆ ముక్కే వీళ్లు ఆడుతున్నారు. కీర్తన గ్లాసు ఎత్తి, ప్రోమోలో మాటే అంటోంది: "తెల్లచొక్కా తొడిగినంత మాత్రాన మా బల్ల దగ్గర కుర్చీ రాదు." పోసింది. హిమజ తల దించుకుంది. అంతవరకూ నటన. ఆ తర్వాత హిమజ తల ఎత్తి చూసింది, కీర్తన మొహంలోకి, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. ఆ చూపు దగ్గరే సరిత రీలును ఆపి వెనక్కి జరిపింది. ఎందుకంటే దేనికోసం చూసిందో ప్రపంచంలో సరిత ఒక్కదానికే తెలుసు. బుధవారం రాత్రి అన్నాల దగ్గర తనే చెప్పింది, అడగకముందే, పిల్ల మొహం వెలిగితే చూద్దామని: శుక్రవారం సీన్ల ఆ డబ్బున్న పిల్ల ఏడ్సుకుంట వచ్చి తన కోటు ఇప్పి ఆ పిల్లకు కప్పుతది బిడ్డా, ఇగ ఇద్దరు దోస్తులైతరు. హిమజ అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని "నిజంగనా" అంది. ఆ కోటు కోసం నిలబడింది నాలుగుసార్లు. మెసేజ్‌లో అది కూడా చెప్పింది, చివర్న, నవ్వడానికి ప్రయత్నం చేస్తూ: "తర్వాత సీన్ చేద్దామంటే, కీర్తనేమో, అది ఇంక రాలేదు గద, వచ్చినంక జేద్దాం అన్నది మమ్మీ. అందరు కేక్ తినవోయిన్రు. నేను పంపు కాడ కడుక్కున్న." ఇంకా చివర్న, అసలు అడగాల్సింది: "కాలేజ్ గ్రూపులల్ల అంత పెట్టిన్రు. తీసెయ్యమంటే నవ్వుతున్నరు. మీ సీరియలోళ్లు చెప్తే కీర్తన తీసేస్తది. నువ్వు చెప్పు మమ్మీ. నువ్వు చెప్తే ఇంటరు గద."

నువ్వు చెప్తే వింటారు. ఆ పిల్ల కీర్తనకు చెప్పిన అబద్ధాన్ని తనే నమ్మిందో, లేక తల్లి ఏ ఇంటికి పోయినా పెద్ద మనిషే అనుకుందో. సరిత మాటలు తయారు చేసుకుంటూనే ఉంది, గంట నుంచి. చెప్పాల్సింది అసిస్టెంటు డైరెక్టరు ప్రజ్ఞకు. సీరియల్ పేజీ ఆ పిల్ల చేతిలోనే ఉంటుంది, అభిమానులు పెట్టే ప్రతి రీలూ ఆమెకు కనిపిస్తుంది, ఒక్క మాట రాస్తే కీర్తన తీసేస్తుంది, సంబరపడి మరీ తీసేస్తుంది. మేడం, ఆ రీలుల ఉన్నది నా బిడ్డ. రెండో వాక్యం: జర తీసేయించండి. రెండే వాక్యాలు. మొదటిది అనకుండా రెండోది అనే దారి ఉందా అని అన్ని దిక్కులా తిప్పి చూసింది. తెలిసినవాళ్ల పిల్ల అంటే? తెలిసినవాళ్ల ఒంటి మీదికి సెట్ చొక్కా ఎట్లా వచ్చింది అంటారు. అసలు చూడకుండానే పోతే, ఎవరూ చూడకపోతే. ఇన్ని రీళ్లలో ఒకటి. కరుణాకర్ నడుము నొప్పితో పదిహేను రోజులుగా గోదాముకు పోవడం లేదు, ఇల్లు ఇప్పుడు ఈ సంచుల మీదే నడుస్తోంది. హిమజ కాలేజీ కూడా. కీర్తన పక్కన కూచునే ఆ బల్ల కూడా.

స్కూటరు చప్పుడు. కనకరాజు రెండు సీసాలు పట్టుకుని చెమటతో లోపలికి వచ్చాడు. "నాచారంల ఏడ లేదు, ఉప్పల్ రింగురోడ్డు దాక పోయిన. జూస్ బండోడు ఏందన్న ఇంటికి చుట్టాలొచ్చిన్రా అన్నడు. లే, ఒక అక్కకు తానం జేపిస్తున్నం అన్న," అని, ఆమె చొక్కాలో కూచున్న తీరు చూసి నవ్వు ఆపుకుని, "ఫికర్ జేయకక్క, చల్లగ ఉంటది," అన్నాడు. నవ్వాలి కనుక నవ్వింది.

క్యాంటీన్ సెట్‌లో పాలరాయి స్టిక్కరు మీద నిలబెట్టారు. లైటు మొహం మీద పడింది. చెప్పులు విడవమన్నారు, రసం పడితే స్టిక్కరు పాడవుతుందని కింద గోనెపట్ట వేశారు. ప్రజ్ఞ ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో మొన్నటి ఫోటో ఉన్న ఫోను. "సారీ సరితక్కా," అంది, నిజంగానే అంది, పోసింది. చల్లగా లేదు, ఎండలో తిరిగి వచ్చిన రసం, ఒంటి వేడే దానికీ ఉంది. మెడ ఎముక దగ్గర ఆగింది, పక్కకు తిరిగింది, రవికెలోకి దిగింది. "కొంచెం తక్కువైందండీ జేబు దగ్గర," అన్నాడు త్రిమూర్తులు. సరిత తల వంచి చూసుకుంది. "లెఫ్టుకు పొయ్యాలె మేడం. ఇంకింత పైకెల్లి. దగ్గర్నుంచి పోస్తే గట్ల జారది," అంది. ఆ మరక దారి ఆమెకు తెలుసు, బుధవారం రాత్రి మడతపెట్టింది తనే. ప్రజ్ఞ చెయ్యెత్తి పోసింది. రెండోసారి, మూడోసారి. "వచ్చేసింది," అన్నాడు త్రిమూర్తులు ఫోటో పక్కన పెట్టి చూస్తూ. "అలాగే ఉండమ్మా, కదలకు."

కదల్లేదు. ప్రజ్ఞ ఫోటో తీసుకుంటూ ఉండగానే ఫోను మీద ఇంకేదో వచ్చింది, బొటనవేలితో తెరిచింది. ఆ పిల్ల మొహం మీద ఫోను వెలుగు ఆడుతుంటే సరిత ముప్ఫై ఎనిమిది సెకండ్లు లెక్కపెట్టకుండానే లెక్కపెట్టింది. "అబ్బ, సార్, ఇది చూడండి. సైనిక్‌పురి నుంచి ఎవరో కాలేజీ పిల్లలు. మన సీన్ చేశారు, పేజీని ట్యాగ్ చేశారు." డైరెక్టరు వంగి చూశాడు. "ఆ తడిసిన పిల్ల ఎవరో గానీ మన అమ్మాయి కంటే నయం. ఆ చివరి చూపు చూడు. అది నేర్పితే రాదు. మన పేజీలో పెట్టెయ్, జనానికి నచ్చుతుంది," అన్నాడు. త్రిమూర్తులు కళ్లద్దాలు సవరించుకుని చూసి, "ఆ జేబు ముద్ర మనదేనా?" అన్నాడు. అడిగీ అడగనట్టున్న గొంతుతో. ముగ్గురూ ఆమె వైపు తిరిగారు, ఆమె చొక్కా వైపు.

రెండు వాక్యాలు నాలుక మీదే ఉన్నాయి. ప్రజ్ఞ మంచి పిల్ల, సారీ చెప్పి పోసిన పిల్ల, వింటుందేమో. చివరి చూపు నేర్పితే రాదట. నేను నేర్పాను సార్, అన్నాల దగ్గర. "గా ముద్రలు సుల్తాన్‌బజార్ల మస్తు దొరుకుతున్నయి సార్," అంది సరిత. "మీ సీరియల్ వచ్చినకాడికెల్లి అందరు కుట్టించుకుంటున్నరు." "ఆ పిల్ల తెలిసినవాళ్లా అక్కా? క్రౌడ్‌లో పెట్టుకోవచ్చు, పేద లుక్ బాగుంది," అంది ప్రజ్ఞ. "తెల్వదు మేడం," అంది. గేటు దగ్గర తల వంగినట్టే ఇప్పుడూ కొంచెం వంగింది, చొక్కా చూసుకుంటున్నట్టు. ప్రజ్ఞ బొటనవేలు ఒకసారి ఆనించింది, రీలు సీరియల్ పేజీలోకి పోయింది. అంతే, దానికి చప్పుడు కూడా ఉండదు. త్రిమూర్తులు మాత్రం ఇంకా ఆమెనే చూస్తున్నాడు. "చొక్కా విప్పి ఇవ్వమ్మా, ఫ్యాను కింద పెడదాం," అన్నాడు, ఎప్పుడూ లేనంత మెల్లగా. అతనికి తెలిసిందని ఆమెకు తెలిసింది.

అరగంటలో షాట్ అయిపోయింది. ప్లైవుడ్ గోడ వెనక నిలబడి చూసింది. రామంతాపూర్ పిల్ల ఏడుస్తూ వచ్చి, తన నల్లకోటు విప్పి, పెద్ద కారులో వచ్చే పిల్లకు కప్పింది. "నన్ను క్షమిస్తావా?" అంది. యూనిట్ చప్పట్లు కొట్టింది. కోటు ఎడమ చేతి కింద కుట్టు సరిత వేసిందే, కనపడదు.

ఫోను కదిలింది. హిమజ. "చెప్పినవా మమ్మీ?" అని రాసింది. వేళ్లకు రసం బంకగా ఉంది, తాకితే ఫోను పట్టుకోవడం లేదు. చీర అంచుకు తుడుచుకుని "చెప్పిన" అని కొట్టింది. రెండు గీతలు నీలంగా మారాయి. టైప్ చేస్తున్నట్టు చూపించింది, ఆగింది, మళ్లీ చూపించింది, ఆగింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. సీరియల్ పేజీలో ఏ కొత్త బొమ్మ వచ్చినా అందరికంటే ముందు చూసేది హిమజే. ఆ పిల్ల విప్పిన చొక్కాను త్రిమూర్తులు తెచ్చి చేతిలో పెట్టాడు, రేపు ఇంకో ముక్క ఉందట. మడతపెట్టి కవరులో వేసి, నల్ల పెన్ను తీసి, ఈసారి అక్షరాలు ఇంకా పెద్దవిగా రాసింది, ఎవరికోసమో తెలియకుండానే. లోపల రవికె మీద, చొక్కా దాటి దిగిన రసం గుండె దగ్గర గట్టిపడి బట్టను ఒంటికి అతికిస్తోంది. ఆ మరక ఏ ఫోటోలోనూ లేదు. కొంగు దాని మీదికి లాక్కుని రెండు సంచులూ భుజాలకెత్తుకుంది. ఇంటికి పోయేసరికి పిల్ల చూస్తుంది, ఎంత కప్పినా చూస్తుంది. చూసి ఏమీ అడగదు.